అశ్లీలతపై ప్రభుత్వ విచారణను డాక్యుమెంటరీగా ఎలా తీయాలి

ఫలానా పుస్తకాన్ని అశ్లీలమని ప్రభుత్వం నిషేధించిందనీ, దానిమీద డాక్యుమెంటరీ తీయాలనుకుంటున్నామనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ సాహిత్య విద్యార్థులూ కొత్త దర్శకులూ తరచుగా అడుగుతూ ఉంటారు. వారికి విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను వరుసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. తెలుగువారికి దగ్గరిది, పత్రాల ఆధారం ఉన్నది కాబట్టి తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యం మీద మద్రాసు ప్రభుత్వం జరిపిన విచారణను మొదటి నుంచి చివరిదాకా ఉదాహరణగా తీసుకుంటాను. వేరే పద్ధతి అవసరమైన చోట అమెరికా విచారణ సంఘాల సంగతి చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో స్థిరపరచుకోండి. మీరు తీసేది ఆ రచన గురించి కాదు, ఆ రచన మీద జరిగిన విచారణ గురించి. ఎవరు ఫిర్యాదు చేశారు, ఎవరు చదివి పెట్టారు, చదివినవారు ఏ పద్యాలను ఏరి పైవారికి పంపారు, పైవారు ఏమి చూసి సంతకం చేశారు, ఆ సంతకం వల్ల ఎవరికి ఏమి జరిగింది అన్న ఐదు ప్రశ్నలకు జవాబు ఇవ్వగలిగితేనే ఆ చిత్రం నిలబడుతుంది. ఆ జవాబులు లేని చిత్రంలో అభ్యంతరకరమన్న భాగాలను చదివి వినిపించడం, వాటిని మెచ్చుకోవడమో తిట్టడమో తప్ప ఏమీ మిగలదు.

కావలసినవి

విచారణకు సంబంధించిన కనీసం ఒక మూలపత్రం మీ చేతికి అందాలి. అది ఉత్తర్వు కావచ్చు, నివేదిక కావచ్చు, తీర్పు కావచ్చు. వార్తల కత్తిరింపులు మాత్రమే ఉంటే ఇంకా మొదలుపెట్టకండి.

పాత తెలుగు, పాత ప్రభుత్వ ఇంగ్లీషు రెండూ చదవగలిగిన ఒక సహాయకుడు ఉండాలి. మద్రాసు రాష్ట్రపు దస్త్రాలలో చేతిరాత నోట్లు, సంక్షిప్తాలు చాలా ఉంటాయి. ఇది అలవాటు లేనివారు చదివితే అర్థం తలకిందులవుతుంది.

దగ్గరగా తీయగల మాక్రో లెన్సు, కెమెరాను నిలువుగా కిందికి దించి బిగించే స్టాండు, రెండు పక్కల పెట్టడానికి చిన్న ఎల్ఈడీ దీపాలు, కాలరు మైకు, విడిగా ధ్వని రికార్డు చేసే యంత్రం చాలు. ఖరీదైన కెమెరా కోసం ఆగనవసరం లేదు. 4కె తీయగలిగినది ఏదైనా సరిపోతుంది, ఎందుకంటే కాగితం మీద ఒక్క సంతకాన్ని దగ్గరికి లాగి చూపించడానికి ఆ వివరం కావాలి.

అశ్లీలత చట్టం తెలిసిన న్యాయవాదితో రెండుసార్లు కూర్చోవడానికి బడ్జెటులో డబ్బు పక్కన పెట్టండి. స్క్రిప్టు దశలో ఒకసారి, కూర్పు (ఎడిటింగ్) పూర్తయ్యాక ఒకసారి. ఈ ఖర్చు మిగుల్చుకుందామని చూసినవారే ఆ తర్వాత చిత్రాన్ని నెలల తరబడి పెట్టెలో పెట్టుకోవలసి వస్తుంది.

1. ఒకే ఒక విచారణను ఎంచుకోండి

"భారతదేశంలో అశ్లీలత చరిత్ర" అనే పేరుతో మొదలైన చిత్రాలు సాధారణంగా పూర్తికావు. ఒక్క దస్త్రం, ఒక్క సంఘం, ఒక్క కేసు పట్టుకోండి. ఎంచుకునేటప్పుడు అది ఏ రకం విచారణో ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే రకాన్ని బట్టి మీకు దొరికే సామగ్రి మారుతుంది.

మొదటిది పాలనాపరమైన విచారణ. పోలీసులు, అనువాదకులు, కార్యదర్శులు కాగితాల మీదనే నడిపించి ఉత్తర్వుతో ముగిస్తారు. రాధికా సాంత్వనం ఈ కోవలోది. ఇందులో బహిరంగ సాక్ష్యాలు ఉండవు, దృశ్యాలు ఉండవు. కాగితమే మీ పాత్రధారి. రెండవది న్యాయస్థానంలో జరిగినది. వాదనలు, తీర్పు దొరుకుతాయి. మూడవది ప్రభుత్వం నియమించిన సంఘం. మనదేశంలో సినిమా సెన్సారుపై జి.డి. ఖోస్లా అధ్యక్షతన ఏర్పడి 1969లో నివేదిక ఇచ్చిన సంఘం, బ్రిటన్‌లో తత్త్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ అధ్యక్షతన ఏర్పడి 1979లో నివేదిక ఇచ్చిన సంఘం, అమెరికాలోని రెండు సంఘాలు ఈ కోవలోవి.

అమెరికా సంఘాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మంచి చిత్రానికి కావలసిన ఘర్షణ అంతా అందులోనే ఉంది. 1967లో కాంగ్రెస్ చట్టంతో ఏర్పడి విలియం లాక్‌హార్ట్ అధ్యక్షతన పనిచేసిన సంఘం, ఇష్టపడి కొనుక్కునే పెద్దలకు లైంగిక సామగ్రిని అమ్మడాన్ని నిషేధించే చట్టాలను రద్దు చేయాలని 1970లో సిఫారసు చేసింది. సెనేట్ ఆ సిఫారసులను 60–5 ఓట్లతో తోసిపుచ్చింది, అధ్యక్షుడు నిక్సన్ కూడా తిరస్కరించారు. 1985లో అటార్నీ జనరల్ ఎడ్విన్ మీస్ కాలంలో ఏర్పడిన 11 మంది సభ్యుల సంఘం ఆరు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపి, 1986లో దాదాపు 2 వేల పుటల నివేదికతో పూర్తిగా వ్యతిరేక దిశలో సిఫారసులు చేసింది. జూడిత్ బెకర్, ఎలెన్ లెవీన్ అనే ఇద్దరు సభ్యులు విభేదించారు. ఇటువంటి విచారణను ఎంచుకుంటే విభేదించిన సభ్యుల నోట్ల దగ్గర మొదలుపెట్టండి. సంఘంలోపల ఏ విషయంలో పేచీ వచ్చిందో ప్రధాన నివేదిక కంటే ఆ నోట్లే స్పష్టంగా చెబుతాయి.

2. తేదీల పట్టికను తయారుచేయండి

కెమెరా ముట్టకముందే చేయవలసిన పని ఇది. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: తేదీ, జరిగినది, ఆధారపత్రం, ఆ పత్రం ఎవరి దగ్గర ఉంది. మూడో గడి ఖాళీగా ఉన్న వరుసను ఎర్రరంగుతో గుర్తుపెట్టండి. దానిని వ్యాఖ్యానంలో వాడకూడదు.

రాధికా సాంత్వనానికి ఈ పట్టిక స్థూలంగా ఇలా ఉంటుంది. 18వ శతాబ్దిలో తంజావూరును ఏలిన ప్రతాపసింహుని ఆస్థానంలో భోగస్త్రీ అయిన ముద్దుపళని ఈ శృంగార ప్రబంధాన్ని రచించింది. 1887లో పైడిపాటి వెంకటనరసు దీనిని అచ్చువేయించారు, అయితే అందులో కొన్ని పద్యాలు లేవు. కందుకూరి వీరేశలింగం పంతులు ఆంధ్ర కవుల చరిత్రలో ఈ కావ్యాన్నీ కవయిత్రినీ తీవ్రంగా ఖండించారు. సంగీత విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మ ప్రతులు సేకరించి, పూర్తి పాఠాన్ని పరిష్కరించి, 1910లో మద్రాసులోని వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ ద్వారా ప్రచురించారు. మరుసటి ఏడాది అభ్యంతరం లేచింది. ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు కొన్ని భాగాలు అశ్లీలమని అభిప్రాయం చెప్పారు, ప్రతులు జప్తయ్యాయి, పండితులు విన్నపాలు పెట్టుకున్నా నిషేధం ఆగలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసేదాకా, అంటే 1947 దాకా, ఆ స్థితే కొనసాగింది. 1952లో వావిళ్లవారు మళ్లీ ప్రచురించారు. అదే సంవత్సరం నాగరత్నమ్మ కన్నుమూశారు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. వీరేశలింగం విమర్శనూ ప్రభుత్వ నిషేధాన్నీ ఒకే సంఘటనగా కలిపేసి, ఆయనే నిషేధం వేయించారన్నట్టు చెప్పేస్తారు. విమర్శ వేరు, ప్రభుత్వ ఉత్తర్వు వేరు. ఒకదాని ప్రభావం మరొకదానిమీద ఉందని చెప్పదలచుకుంటే, ఆ ఉత్తర్వుకు సంబంధించిన కాగితాలలో ఆయన మాట ఎక్కడైనా ఉటంకించి ఉందో లేదో చూసి, ఉంటేనే చెప్పండి. రెండో పొరపాటు జప్తు తేదీనీ నిషేధపు ఉత్తర్వు తేదీనీ ఒకటిగా చూపడం. పోలీసులు దుకాణానికి వచ్చిన రోజుకూ ఉత్తర్వు వెలువడిన రోజుకూ నడుమ ఎంత కాలం గడిచిందో, ఆ కాలంలో ఏ కాగితం ఏ బల్ల మీద ఉందో తెలిస్తేనే విచారణ అనేది తెర మీద కనిపిస్తుంది.

3. దస్త్రాన్ని వెతకండి

మద్రాసు రాష్ట్రపు పాత ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తెలుగు జిల్లాల చరిత్రలో చాలా భాగం అక్కడే ఉందన్న సంగతి మనవాళ్లలో చాలామంది మరిచిపోతారు. పుస్తకం పేరుతో నేరుగా అడిగితే దొరకడం కష్టం. సంవత్సరం, శాఖ, జీవో నంబరు అనే మూడింటి వరుసలో వెతకాలి. ముందుగా ఆ సంవత్సరపు శాఖల సూచికలు తెప్పించుకుని అందులో "పుస్తకాలు", "ముద్రణ", "అశ్లీల ప్రచురణలు" వంటి శీర్షికల కింద చూడండి. జ్యుడీషియల్ శాఖలో కనిపించకపోతే పబ్లిక్, హోం, విద్యాశాఖల సూచికలు కూడా తిరగేయాలి. ఒకే వ్యవహారం రెండు మూడు శాఖల మధ్య తిరగడం మామూలే. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు, నిషిద్ధ ప్రచురణల సేకరణ ఉన్నాయి. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ తన అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో చాలా దస్త్రాలను ఉచితంగా చూపిస్తుంది, కాబట్టి ప్రయాణం పెట్టుకునే ముందు ఇంట్లో కూర్చుని అక్కడ వెతకండి.

రెండు పక్కదారులు చాలామందికి తెలియవు. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం మద్రాసు రాష్ట్రంలో అచ్చయిన పుస్తకాల జాబితాలు మూడు నెలలకొకసారి వెలువడేవి. గ్రంథం పేరు, ముద్రాపకుడు, పుటలు, వెల, ఎన్ని ప్రతులు అచ్చయ్యాయి అన్నవి వాటిలో ఉంటాయి. ఎన్ని ప్రతులు అచ్చయ్యాయో, ఎన్ని జప్తయ్యాయో పక్కపక్కన పెట్టగలిగితే తెరమీద మరే వ్యాఖ్యానమూ అక్కర్లేదు. రెండోది, దేశభాషా పత్రికల మీద ప్రభుత్వ అనువాదకులు వారం వారం తయారుచేసిన సంగ్రహ నివేదికలు. ఆనాటి తెలుగు పత్రికలు ఏమన్నాయో వీటిలో తెలుస్తుంది. అయితే ఆ సంగ్రహం పత్రిక మాట కాదు, అనువాదకుడు పైవారికి చెప్పిన మాట. దానిని పత్రిక వాక్యంగా తెరమీద వేయకూడదు. అసలు సంచిక కోసం వేటపాలెం సారస్వత నికేతనంలోనూ, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోనూ, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ ప్రయత్నించండి.

జిల్లా కచేరీలలో వెతికేటప్పుడు దస్త్రం ముగింపు గుర్తును చూడటం నేర్చుకోండి. ఆర్.డిస్. అని ఉంటే శాశ్వతంగా ఉంచవలసినది, డి.డిస్. అంటే పదేళ్లు, కె.డిస్. అంటే మూడేళ్లు, ఎల్.డిస్. అంటే ఒక ఏడాది. మీరు వెతుకుతున్న కాగితానికి ఎల్.డిస్. నంబరు ఉంటే అది ఎప్పుడో నాశనమై ఉంటుంది. దానికోసం గుమస్తా చుట్టూ తిరగడం మానేసి, అదే ఉత్తరం నకలు పై కార్యాలయంలో ఉందేమో చూడండి.

స్వాతంత్ర్యానంతర విచారణలైతే సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర కార్యాలయాలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. 20 ఏళ్లు దాటిన వ్యవహారాలకు ఆ చట్టంలోని 8(3) సెక్షను కింద చాలా మినహాయింపులు వర్తించవు కాబట్టి దరఖాస్తులో ఆ సెక్షనును పేర్కొనండి. "విచారణ వివరాలు ఇవ్వండి" అని రాస్తే పనికిరాని జవాబు వస్తుంది. సంఘం పేరు, నియమించిన ఉత్తర్వు తేదీ, సమావేశాల మినిట్స్, సమర్పించిన నివేదిక నకలు అని విడివిడిగా అడగాలి.

ఆర్కైవ్స్‌లో చదవడానికి ఇచ్చే అనుమతి చిత్రీకరణకు చెల్లదు. వీడియోకు విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. అది దొరకని పక్షంలో అధికారిక నకలు తీసుకుని, ఆ నకలునే మీ దగ్గర చిత్రీకరించి, తెరమీద "నకలు" అని రాయడం గౌరవప్రదమైన ప్రత్యామ్నాయం.

4. దస్త్రాన్ని చిత్రానికి పనికివచ్చేలా చదవండి

దస్త్రంలో రెండు పొరలు ఉంటాయి. బయటినుంచి వచ్చిన ఉత్తరాలు, విన్నపాలు, నివేదికలు ఒక పొర. లోపలి అధికారులు ఒకరి కింద ఒకరు రాసుకుంటూ పోయిన నోటు రెండో పొర. కొత్తవారు మొదటిదాన్ని చదివి రెండోదాన్ని వదిలేస్తారు. కానీ సందేహాలన్నీ రెండోదానిలోనే దొరుకుతాయి. ఒక అధికారి పూర్తి వాక్యాలతో అభిప్రాయం రాస్తాడు, కింద ఇంకొకరు రెండు ముక్కల్లో అంగీకారం తెలిపి పొడి అక్షరాలు పెడతారు, మూడోవారు మార్జినులో పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం గీస్తారు. ఆ ప్రశ్నార్థకాన్ని తెరనిండా చూపించండి. ఒక నిర్ణయం మీద ఒకరికైనా అనుమానం వచ్చిందని చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

ఒక భాషలో ఉన్న పుస్తకం మీద ఆ భాష రాని ప్రభుత్వం విచారణ జరిపినప్పుడు, అనువాదకుడే అసలు న్యాయమూర్తి. కావ్యంలోని 584 పద్యాలలో ఆయన వేటిని ఏరితే అవే పై అధికారి కళ్లపడతాయి. శ్లేష, జాతీయం, సంప్రదాయంగా వచ్చే వర్ణన అన్నీ పోయి, నాయికా నాయకుల శరీరాల ప్రస్తావన మాత్రం ఇంగ్లీషు వచనంలో నిలబడుతుంది. అందుకని ఏరిన పద్యాల సంఖ్యలను ఒక జాబితా రాసుకోండి. వాటికి ముందూ వెనకా ఉన్న పద్యాలను చదవండి. అదే రకం వర్ణన ఉన్నా అభ్యంతరం రాని పురుష కవుల ప్రబంధాలు ఆనాడు అచ్చులో ఉన్నాయో లేదో చూడండి. నాగరత్నమ్మ ఆనాడు లేవనెత్తిన ప్రశ్న సరిగ్గా ఇదే. నా దృష్టిలో ఈ విచారణ మీద తీసే ఏ చిత్రానికైనా ఇదే గుండెకాయ, ఎందుకంటే శృంగారం రాసినందుకు కాక, ఒక స్త్రీ రాసినందుకు, అందునా భోగస్త్రీ రాసినందుకు కోపం వచ్చిందా అన్న అనుమానాన్ని ఆ పోలిక ఒక్కటే తేల్చగలదు.

5. చట్టం ఏమంటుందో తెలుసుకుని, చూపదగినదేమిటో నిర్ణయించండి

విచారణ పత్రాలలోనే అభ్యంతరకర భాగాలు ఉంటాయి. అవి ప్రభుత్వ కాగితాలు కాబట్టి చూపించినా ఇబ్బంది లేదనుకోవడం ప్రమాదం. 1970 నాటి అమెరికా సంఘం నివేదికకు విలియం హామ్లింగ్ అనే ప్రచురణకర్త బొమ్మలు చేర్చి ఒక ప్రతి తెచ్చారు. దాని ప్రకటన పత్రాన్ని తపాలాలో పంపినందుకు ఆయనకు శిక్ష పడింది, 1974లో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. నివేదిక నిర్దోషమైనదే అయినా, దాని పక్కన మీరు పెట్టే బొమ్మ, దాని ప్రచారానికి వాడే పోస్టరు వేరే లెక్కలోకి వస్తాయన్నమాట.

మన దగ్గర 2024 జూలై 1 నుంచి అశ్లీల ప్రచురణలకు భారతీయ న్యాయ సంహితలోని 294వ సెక్షను వర్తిస్తుంది. అంతకుముందు అదే పని శిక్షాస్మృతిలోని 292వ సెక్షను చేసేది. విజ్ఞానం, సాహిత్యం, కళ, విద్య ప్రయోజనాల కోసం ప్రజాహితంగా చేసిన ప్రచురణకు ఇందులో మినహాయింపు ఉంది. ఇంటర్నెట్‌లో పెడితే ఐటీ చట్టం 67వ సెక్షను విడిగా వర్తిస్తుంది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు, విడి భాగాలను బట్టి అశ్లీలతను తేల్చే 1868 నాటి ఇంగ్లండు హిక్లిన్ సూత్రాన్ని వదిలి, సమకాలీన సమాజపు ప్రమాణాలతో, మొత్తం సందర్భంలో పెట్టి చూడాలని చెప్పింది.

వీటిని వ్యాఖ్యానంలో వాడేటప్పుడు ఒక జాగ్రత్త. సాహిత్య ప్రయోజనమనే మినహాయింపు 1969 సవరణతో వచ్చింది. 1911లో అది లేదు; మతసంబంధమైన వాటికి మాత్రమే వెసులుబాటు ఉండేది. "చట్టంలో సాహిత్యానికి మినహాయింపు ఉన్నా అధికారులు పట్టించుకోలేదు" అని ఆనాటి వారిమీద మోపితే మీ చిత్రమే తప్పు చెప్పినట్టవుతుంది.

కాపీరైటు విషయంలో మీకు అనుకూలమైన సంగతి ఒకటుంది. ప్రభుత్వం నియమించిన సంఘం నివేదికను చట్టసభ ముందు ఉంచి ఉంటే, దానిని పునర్ముద్రించడాన్ని ప్రభుత్వం ప్రత్యేకంగా నిషేధించనంత వరకు, 1957 కాపీరైటు చట్టం 52(1)(క్యూ) సెక్షను కింద అది ఉల్లంఘన కాదు. కోర్టు తీర్పులకూ అదే సౌకర్యం ఉంది. అమెరికా సమాఖ్య ప్రభుత్వం తయారుచేసిన పత్రాలకు ఆ దేశంలో కాపీరైటే లేదు. అయితే వార్తాసంస్థలు తీసిన విచారణ దృశ్యాలు, ఛాయాచిత్రాలు ఈ కోవలోకి రావు. వాటికి డబ్బు చెల్లించాలి.

6. మనుషులతో మాట్లాడండి

పాత విచారణలో పాల్గొన్నవారు ఇప్పుడు లేరు. వారి బదులు మూడు రకాలవారితో మాట్లాడాలి: ఆ దస్త్రాన్ని స్వయంగా చదివిన పరిశోధకుడు, ఆ రచనను ఈనాడు పాడేవారో బోధించేవారో ఒకరు, నిషేధం సబబేనని వాదించగలిగిన మనిషి ఒకరు. మూడోవారిని వెతకడానికి శ్రమపడండి. వీరేశలింగం వంటి సంస్కర్త ఈ కావ్యాన్ని ఎందుకు ఖండించారో వివరించగలిగినవారు కావాలి. ఆడపిల్లలను భోగవృత్తిలోకి దించే ఆచారాన్ని నిర్మూలించాలనే పోరాటంలో ఉన్న మనిషి దృష్టికి ఆ కావ్యం ఎలా కనిపించిందో నిజాయతీగా చెప్పాలి. ఆయనను మూర్ఖుడిగా చిత్రిస్తే ప్రేక్షకుడు మిమ్మల్ని నమ్మడం మానేస్తాడు.

కళావంతుల (దేవదాసీ సంప్రదాయపు) కుటుంబాలవారిని సంప్రదించేటప్పుడు ఎక్కువ జాగ్రత్త అవసరం. తమ నేపథ్యం ఇరుగుపొరుగుకు తెలియకుండా బతుకుతున్నవారు ఉంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా తీసుకువెళ్లకండి. ముఖం, పేరు, ఊరు, ఇల్లు అనే నాలుగింటికీ విడివిడిగా అంగీకారం అడగండి. ఒకదానికి ఒప్పుకున్నారంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టు కాదు. కూర్పు పూర్తయ్యాక వారి భాగాన్ని వారికి చూపించి, అప్పుడు కూడా వద్దంటే తీసేయండి. ఇంటి పెద్దామెను "అమ్మమ్మగారూ" అని పిలిచి పక్కన కూర్చుని వినండి. చేతిలో ప్రశ్నల చిట్టా చూడగానే ఆవిడ ముక్తసరిగా జవాబులు చెప్పి ఊరుకుంటారు.

ప్రశ్నలు సంఘటన మీద ఉండాలి. "ఇది అశ్లీలమంటారా?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. "ఈ నోటులో ఆ అధికారి ఈ వాక్యం ఎందుకు రాశాడనుకుంటున్నారు?" అని కాగితం చేతికిచ్చి అడిగితే ఆలోచన వస్తుంది, ఆ ఆలోచించే ముఖం మీకు దృశ్యంగా కూడా దక్కుతుంది.

7. చిత్రీకరించండి

కాగితాన్ని కెమెరాకు సమాంతరంగా పరిచి, దీపాలను రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో పెట్టండి. సిరా గీతలు, ముద్ర లోతు, మడత గుర్తులు కనిపించాలంటే ఒక దీపాన్ని ఆపి, రెండోదాన్ని బల్ల ఎత్తుకు దించి తీయండి. ఫ్లాష్ వాడకండి. పాత కాగితాన్ని నొక్కి చదును చేయకండి. మనదేశపు విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, సెకనులో 50వ వంతు షట్టరు పెట్టుకుంటే ట్యూబులైట్ల మినుకులు పడవు.

ప్రతి పత్రాన్ని మూడు రకాలుగా తీయండి: పూర్తి పుట, మీరు ఉటంకించే వాక్యం, ఆ వాక్యం పైనా కిందా ఉన్న నాలుగు వరుసలు. మూడోది చాలామంది తీయరు. సందర్భం నుంచి తుంచి చూపించారని ఎవరైనా అన్నప్పుడు అదే మీకు రక్షణ.

పద్యాల విషయంలో నా సలహా ఇది. అభ్యంతరపెట్టిన పద్యాన్ని చదివించక తప్పని చోట, రాగయుక్తంగా పూర్తిగా చదివించండి, తెరమీద చదివేవారి ముఖం మాత్రమే ఉంచండి. దానికి నాయికా నాయకుల బొమ్మలు, నీడల నాట్యం, పూలపాన్పులు జతచేస్తే మీరే ఆ అనువాదకుడు చేసిన పని చేసినట్టు. కావ్యాన్ని శరీరాల దగ్గరికి కుదించినట్టు. ఎన్ని పద్యాలు అవసరమన్నదానికి కొలత సులభం: ప్రతి పద్యం తర్వాత అదే పద్యం గురించి దస్త్రంలో ఏముందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ పద్యం ఈ చిత్రానిది కాదు.

పునర్నటన పెట్టుకుంటే చేతులు, కలం, ముద్ర, అచ్చుయంత్రం దాకా పరిమితం కండి. "పునర్నటన" అన్న అక్షరాలు ఆ దృశ్యం ఉన్నంతసేపూ తెరమీద ఉండాలి. ఆధారం లేని సంభాషణ ఒక్కటి కూడా రాయకండి.

8. కూర్చండి

కాలక్రమంలో పోవడమే మంచిది. విచారణకు సహజంగానే ఉత్కంఠ ఉంది. ఉత్తర్వు ఏమవుతుందో ప్రేక్షకుడికి ముందే చెప్పేయకుండా ఉంటే చాలు. ఫిర్యాదుతో మొదలుపెట్టి, అనువాదకుడి దగ్గరికి, అక్కడి నుంచి కార్యదర్శి బల్ల దగ్గరికి, అక్కడి నుంచి ముద్రణాలయానికి తీసుకువెళ్లండి. కావ్య చరిత్ర, తంజావూరు ఆస్థానం, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కోసం నాగరత్నమ్మ వెచ్చించిన జీవితం ఎంతో ఆకర్షణీయమైన విషయాలు. అవి మిమ్మల్ని లాగుతూనే ఉంటాయి. విచారణను అర్థం చేసుకోవడానికి కావలసినంత మేరకే వాటిని ఉంచి, మిగతాది ఇంకో చిత్రానికి దాచుకోండి.

9. సరిచూసుకోండి

వ్యాఖ్యానం మొత్తాన్ని వాక్యం వాక్యంగా విడదీసి, ప్రతిదానికీ ఎదురుగా ఆధారపత్రం సంఖ్య రాయండి. సంఖ్య లేని వాక్యం తీసేయండి లేదా మాట్లాడినవారి అభిప్రాయంగా మార్చండి. "ప్రజలు ఆగ్రహించారు", "సమాజం తల్లడిల్లింది" వంటి వాక్యాలు ఈ పరీక్షలో దాదాపు ఎప్పుడూ నిలవవు.

తర్వాత, ఈ విషయం ఏమాత్రం తెలియని ముగ్గురిని కూర్చోబెట్టి చిత్రం చూపించండి. చూశాక మీరేమీ చెప్పకుండా, ఎవరు ఫిర్యాదు చేశారు, ఎవరు చదివారు, ఎవరు ఉత్తర్వు ఇచ్చారు అని అడగండి. మూడింటికీ జవాబు వస్తే చిత్రం పనిచేసినట్టే. "కథ బాగుంది, ఆ పద్యాలు బాగున్నాయి" అని మాత్రమే అంటే మళ్లీ కూర్పు బల్ల దగ్గరికి వెళ్లాలి. నిషేధాన్ని సమర్థించే మనిషికి ఒకరికి కూడా చూపించి, తన వాదం సరిగా వచ్చిందా అని అడగండి. ఒప్పుకోనవసరం లేదు, కానీ "నా మాట వక్రీకరించారు" అనకూడదు.

చివరగా న్యాయవాదికి చూపించేటప్పుడు చిత్రంతో పాటు ట్రైలరు, పోస్టరు, వెబ్‌సైటు మీద పెట్టే వివరణ కూడా చూపించండి. "నిషేధించిన పద్యాలు మొదటిసారి తెరపై" వంటి ప్రచారం, లోపలి చిత్రం ఎంత గంభీరంగా ఉన్నా, దాన్ని అశ్లీలాన్ని అమ్ముకునే సరుకుగా చూపే సాక్ష్యంగా మారుతుంది.

10. సర్టిఫికెటు, ప్రదర్శన

థియేటరులో బహిరంగంగా ప్రదర్శించాలంటే డాక్యుమెంటరీకి కూడా సెన్సారు సర్టిఫికెటు కావాలి. హైదరాబాదులో ప్రాంతీయ కార్యాలయం ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలి. 2023 సవరణ తర్వాత, తల్లిదండ్రుల మార్గదర్శకత్వంతో పిల్లలు చూడదగిన యూఏ వర్గంలో 7, 13, 16 ఏళ్ల విభజన వచ్చింది కాబట్టి మీ చిత్రం పూర్తిగా పెద్దలకే పరిమితం కానవసరం లేదు. కోతలు చెబితే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి, ప్రతి అభ్యంతరానికీ మీ ఆధారాల పట్టికలోని సంఖ్యతో జవాబివ్వండి. చిత్రాన్ని మళ్లీ పరిశీలించే రివైజింగ్ కమిటీకి వెళ్లవచ్చు. 2021లో అప్పీలు ట్రిబ్యునల్‌ను రద్దుచేశారు, అందువల్ల ఆ పైన హైకోర్టే దిక్కు.

ఈ దారిలో వెళ్లేవారు కె.ఎ. అబ్బాస్ కేసును తప్పక చదవాలి. నాలుగు మహానగరాల్లోని సంపదనూ పేదరికాన్నీ పక్కపక్కన చూపిన ఆయన చిన్న డాక్యుమెంటరీలో బొంబాయి వేశ్యావాటిక దృశ్యాలు ఉన్నాయని సెన్సారు అభ్యంతరపెట్టింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళితే, 1970 తీర్పులో కోర్టు ముందస్తు సెన్సారును సమర్థిస్తూనే, లైంగిక విషయమంతా అశ్లీలం కాదనీ, సెన్సారుకు స్పష్టమైన మార్గదర్శకాలు ఉండాలనీ చెప్పింది. మీ దరఖాస్తుతో జతపరిచే వివరణలో ఉటంకించడానికి అది ఇప్పటికీ పనికివస్తుంది.

చలనచిత్రోత్సవాలకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది. దానిని ఉత్సవ నిర్వాహకులే తీసుకుంటారు, మీరు ముందుగా అడిగి నిర్ధారించుకోండి. ఓటీటీలో పెట్టేటప్పుడు వయోవర్గాన్ని ఆ వేదికే నిర్ణయిస్తుంది. ప్రదర్శన తర్వాత ఫిర్యాదు వస్తే ఫోనులో జవాబు చెప్పకండి. ఫిర్యాదును రాతలో ఇవ్వమనండి, అందిన తేదీ వేసి, న్యాయవాది ద్వారా రాతలోనే జవాబు పంపండి, రెండింటినీ మీ దస్త్రంలో వరుస సంఖ్యతో పెట్టుకోండి.